సంలీన శక్తికి ఎన్ని దారులు?



తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో ఒక అబ్బాయి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. హైదరాబాద్‌లో ఉండే వాళ్ల తాతయ్య ఫోన్‌లో ఒక వార్త పంపారట. 2024లో అక్కడ ఒక అంకుర సంస్థ చిన్న యంత్రాన్ని చూపించి, లోపలికి పంపిన విద్యుత్తు కంటే బయటికి వస్తున్న వేడే ఎక్కువని, పెద్దగా వేడెక్కించకుండానే కేంద్రక చర్య జరుగుతోందని ప్రకటించిందని ఆ వార్త సారాంశం. ఆ అబ్బాయి నాన్నగారి ఉద్యోగం హజీరాలో. "మేడమ్, తాతయ్య వాళ్ల ఊళ్లో అంత చిన్న యంత్రం సరిపోతే, మన హజీరాలో అంత పెద్ద డబ్బా చేసి ఫ్రాన్స్‌కి ఎందుకు పంపారు?" అన్నాడు.

మేము చెప్పేది తెలుగు, భౌతికశాస్త్రం కాదు. కానీ ప్రశ్న తెలుగులో వచ్చింది కాబట్టి జవాబూ తెలుగులోనే ఇవ్వాలనిపించింది. సైన్స్ టీచర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి రాసిన పాఠం ఇది.

ముందు రెండు మాటలు. యురేనియం లాంటి బరువైన కేంద్రకాన్ని చీల్చితే శక్తి వస్తుంది. దాన్ని 'విచ్ఛిత్తి' అంటాం. ఇందులో ఉన్నది 'ఛేదించడం'లో ఉన్న ఛేదమే. తేలికైన రెండు కేంద్రకాలు కలిసి ఒకటైపోతే కూడా శక్తి వస్తుంది. అది 'సంలీనం'. బ్యాంకుల 'విలీనం' అని పేపర్లో చదువుతుంటారే, ఆ 'లీనం' ఇక్కడా ఉంది. ఈ రెండు మాటలూ మన కడోదరాకు రెండు వైపులా కాపురం ఉన్నాయి. నాలుగు రోడ్ల కూడలి నుంచి తూర్పుగా బార్డోలీ దాటి వెళితే కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం. అక్కడ జరిగేది విచ్ఛిత్తి. 1990లలో మొదలైన రెండు 220 మెగావాట్ల యూనిట్లకు తోడు ఇప్పుడు రెండు 700 మెగావాట్ల యూనిట్లు కూడా నడుస్తున్నాయి. పడమరగా సూరత్ దాటి, తపతి నది సముద్రంలో కలిసే చోటికి వెళితే హజీరా. సంలీనం కోసం ప్రపంచంలోనే అతి పెద్ద యంత్రానికి పైపాత్ర అక్కడ తయారైంది. మధ్యలో మనం. మన చుట్టూ ఉన్న అద్దకం మిల్లుల బాయిలర్లలో మాత్రం ఇంకా బొగ్గే మండుతోంది.

తపతి పేరు విన్నారు కాబట్టి ఒక పక్కమాట. పురాణాల ప్రకారం తపతి సూర్యుడి కూతురు. ఆమె కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. అద్దంకి గంగాధర కవి ఆ కథనే 'తపతీసంవరణోపాఖ్యానము' అనే కావ్యంగా రాశాడు. భూమి మీద చిన్న సూర్యుణ్ణి నిలపాలనుకునే యంత్రానికి ఆ నది ఒడ్డునే పాత్ర చేశారన్నది కాకతాళీయమే. అయినా తెలుగు టీచర్లం, చెప్పకుండా ఉండలేకపోయాం.

ఇక అసలు విషయం. సంలీనం ఎందుకు కష్టం? కేంద్రకాలన్నిటికీ ధనావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి. ఆ వికర్షణను తోసుకుని బాగా దగ్గరికి వస్తే తప్ప వాటిని కలిపి ఉంచే కేంద్రక బలం పట్టుకోదు. అంత దగ్గరికి రావాలంటే విపరీతమైన వేగంతో ఢీకొనాలి. వేగం అంటే ఉష్ణోగ్రతే. సూర్యుడి నడిమధ్యన ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. అక్కడ సూర్యుడి బరువే వాయువును అదిమి పెడుతుంది, పైగా సూర్యుడికి తొందర లేదు. మన దగ్గర అంత బరువూ లేదు, అంత తీరికా లేదు. కాబట్టి ఇంకా పది రెట్లు, అంటే 15 కోట్ల డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడిలో పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మా అవుతుంది.

ఇంధనం మనకు కొత్తదేమీ కాదు. హైడ్రోజన్‌కు అన్నల్లాంటివి రెండున్నాయి: డ్యుటీరియం, ట్రిటియం. సాధారణ నీటిలోని సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి డ్యుటీరియం. దాన్ని వేరుచేసి భారజలంగా తయారుచేసే కర్మాగారం హజీరాలో ఎరువుల కర్మాగారానికి ఆనుకుని ఉంది. తెలంగాణలో గోదావరి దగ్గర మణుగూరులో ఇంకొకటి ఉంది. ఆ భారజలం వెళ్లేది కాక్రాపార్ లాంటి విచ్ఛిత్తి రియాక్టర్లకు. ట్రిటియం సంగతి వేరు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లే కాబట్టి ప్రకృతిలో దాదాపు దొరకదు. లిథియం నుంచి చేసుకోవాలి. ఈ రెండూ కలిస్తే హీలియం, ఒక న్యూట్రాన్ వస్తాయి. వచ్చిన శక్తిలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఆ న్యూట్రాన్‌దే.

మరి 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాను ఏ గిన్నెలో పెడతారు? ఏ గిన్నెలోనూ పెట్టరు. ప్లాస్మాలోని కణాలకు ఆవేశం ఉంది కాబట్టి అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచవచ్చు. ఇది కొంచెం నిదానంగా చదవండి, పాఠమంతా దీని మీదే ఉంది.

ఆవేశమున్న కణాలు అయస్కాంత బలరేఖల చుట్టూ తిరుగుతూ ఆ రేఖల వెంటే పోతాయి. తిన్నని గొట్టంలో రేఖలు పరిస్తే కణాలు రెండు చివర్ల నుంచీ జారిపోతాయి. అందుకని గొట్టాన్ని వంచి చివరలు కలిపేశారు. చిల్లుగారె ఆకారం వచ్చింది. అక్కడితో చిక్కు తీరలేదు. గారె చిల్లు వైపు అయస్కాంత క్షేత్రం ఎక్కువ, బయటి అంచు వైపు తక్కువ. ఈ తేడా వల్ల ధనావేశ కణాలు పైకి, ఎలక్ట్రాన్లు కిందికి మెల్లగా జారుతాయి. పైనొక ఆవేశం, కిందొక ఆవేశం పేరుకునేసరికి మొత్తం ప్లాస్మా బయటి గోడకు నెట్టుకుపోతుంది.

దీనికి మందు ఏమిటో మన వీధుల్లోనే ఉంది. సూరత్‌లో నూలుకు పురి ఎక్కించే యంత్రాలు చూసే ఉంటారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల మీద స్థిరపడిన నేత కుటుంబాల పిల్లలకైతే 'పురి' అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బలరేఖలకు పురి ఎక్కించాలి. ఇంట్లో ఒక గాజు తీసుకుని దాని చుట్టూ రంగు దారాన్ని ఏటవాలుగా చుట్టండి. ఆ దారం వెంట ఒక చీమ నడుస్తోందనుకోండి. అది గాజు చుట్టూ తిరుగుతూనే కాసేపు పైకి, కాసేపు కిందికి వస్తుంది. కణం సంగతీ అంతే. గాజు పైభాగంలో ఉన్నప్పుడు పైకి జారితే మధ్య నుంచి దూరమవుతుంది. కిందిభాగంలో ఉన్నప్పుడు పైకి జారితే మధ్యకు దగ్గరవుతుంది. రెండూ చెల్లుకు చెల్లు.

పురి ఎవరు ఎక్కించాలన్న దగ్గరే దారులు చీలాయి.

ఒక దారి టోకమాక్. ఇది రష్యన్ మాటల పొడి అక్షరాలతో చేసిన పేరు. 1950ల తొలినాళ్లలో ఇగోర్ తామ్, ఆంద్రేయ్ సఖారోవ్ ఆలోచించిన పద్ధతి ఇది. ఇందులో ప్లాస్మాలోనే పెద్ద విద్యుత్ ప్రవాహాన్ని నడుపుతారు. ఆ ప్రవాహం పుట్టించే క్షేత్రమే పురి ఎక్కిస్తుంది. తీగచుట్టలు సాదాగా ఉంటాయి, చేయడం తేలిక. మన దేశంలోనే రూపొందించి తయారుచేసిన మొదటి టోకమాక్ 'ఆదిత్య' 1989లో గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో మొదలైంది. ఆ సంస్థకు పునాది వేసినవారు ప్రిధిమాన్ కృష్ణ కౌ. గారె మధ్య బిందువు నుంచి ప్లాస్మా గొట్టం నడిమికి 75 సెంటీమీటర్లు, అంతే. ఎప్పుడైనా అహ్మదాబాద్ వైపు పోస్టింగ్ పడిన వాళ్లు వాళ్ల టీచర్లను అడిగి చూడండి, వీలైతే చూసి రావచ్చు. తరువాత అతివాహక తీగచుట్టలతో ఎస్‌ఎస్‌టీ-1 వచ్చింది. 2013లో దానిలో తొలి ప్లాస్మా వెలిగింది.

టోకమాక్‌కు రెండు జబ్బులున్నాయి. ప్లాస్మాలో ప్రవాహాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో పుట్టిస్తారు కాబట్టి అది ఎల్లకాలం సాగదు. ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, లేదా వేరే ఉపాయాలతో లాగాలి. రెండోది, ఆ ప్రవాహం ఒక్కోసారి ఉన్నట్టుండి కూలిపోతుంది. అప్పుడు శక్తంతా క్షణంలో గోడల మీద పడుతుంది.

ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో కడుతున్న ఈటర్ కూడా టోకమాకే. చైనా, ఐరోపా సమాఖ్య, భారత్, జపాన్, కొరియా, రష్యా, అమెరికా కలిసి కడుతున్నాయి. మన వాటా సుమారు 9 శాతం. 50 మెగావాట్ల వేడి పంపి 500 మెగావాట్ల సంలీన శక్తి రాబట్టాలన్నది లక్ష్యం. హజీరాలో లార్సెన్ అండ్ టూబ్రో వాళ్లు చేసిన 'డబ్బా' దీని క్రయోస్టాట్. అది ప్లాస్మాను పట్టే పాత్ర కాదు, మొత్తం యంత్రాన్ని చుట్టి ఉండే పెద్ద థర్మాస్ ఫ్లాస్క్. లోపల ప్లాస్మా 15 కోట్ల డిగ్రీలు, దానికి కొద్ది మీటర్ల దూరంలో అతివాహక అయస్కాంతాలు మైనస్ 269 డిగ్రీలు. ఆ చలి బయటి వేడికి కరిగిపోకుండా చుట్టూ శూన్యం ఉంచాలి. దాదాపు 30 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 3,850 టన్నుల స్టెయిన్‌లెస్ స్టీలు. అంత వస్తువు ఏ ఓడలోనూ, ఏ రోడ్డు మీదా పట్టదు. 54 ముక్కలుగా చేసి, ఓడల్లో పంపి, అక్కడ మళ్లీ వెల్డింగ్ చేశారు. చివరి ముక్కలు 2020 మధ్యలో బయలుదేరాయి. మంచం విప్పి లారీలో వేసి కొత్త క్వార్టర్‌లో మళ్లీ బిగించడం మీ అందరికీ అలవాటే. బోల్టు ఒకటి పోతే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. అక్కడ మిల్లీమీటర్ల తేడా కూడా ఒప్పుకోరు.

ఈటర్ ఆలస్యమైంది. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం పరిశోధన 2034లో మొదలవుతుంది. డ్యుటీరియం, ట్రిటియం కలిపి మండించడం 2039లో. ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్నవాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు, బదిలీల మీద కూడా ఉండవచ్చు. 1955లో జెనీవా సమావేశానికి అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చే మార్గం దొరుకుతుందని అన్నారు. ఆ లెక్కన 1975కే రావాలి. ఇన్నాళ్లు పట్టే దారి ఇదొక్కటేనా అని అడగడం తప్పు కాదు. కాబట్టి వేరే దారులు చూద్దాం.

పురిని ప్లాస్మాకు వదిలేయకుండా తీగచుట్టలనే మెలితిప్పి చేస్తే? అది స్టెల్లరేటర్. దీని పుట్టుక ఒక అబద్ధంతో ముడిపడి ఉంది. 1951 మార్చిలో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్, తమ దేశంలో రోనాల్డ్ రిక్టర్ అనే శాస్త్రవేత్త సంలీనాన్ని సాధించేశాడని ప్రకటించాడు. ఆ వార్త విన్న అమెరికా ఖగోళ శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్ నమ్మలేదు. కానీ నిజంగా చేయాలంటే ఎలా చేయాలి అని మంచు కొండల మీద సెలవులో ఉండగా ఆలోచించాడు. స్టెల్లరేటర్ అలా పుట్టింది. మరుసటి ఏడాది అర్జెంటీనా శాస్త్రవేత్తలే వెళ్లి పరీక్షించి రిక్టర్ మాటలో నిజం లేదని తేల్చారు. అబద్ధపు వార్త నుంచి కూడా మంచి ప్రశ్న పుట్టవచ్చునన్నమాట, అడిగేవాడు స్పిట్జర్ లాంటివాడైతే.

స్టెల్లరేటర్ చాలాకాలం వెనకబడింది. 1968లో రష్యన్లు తమ టీ-3 టోకమాక్‌లో కోటి డిగ్రీల స్థాయి వేడి వచ్చిందన్నారు. పడమటి దేశాల వాళ్లు నమ్మలేదు. రష్యన్లు ఏం చేశారు? మీరే వచ్చి కొలుచుకోండి అన్నారు. ఇంకా ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. 1969లో బ్రిటిష్ బృందం తమ లేజర్ పరికరాలు మాస్కోకు మోసుకెళ్లి కొలిచింది. నిజమే అని తేలింది. ఏడాది తిరిగేసరికి స్పిట్జర్ పనిచేసిన ప్రిన్స్‌టన్‌లోనే స్టెల్లరేటర్‌ను టోకమాక్‌గా మార్చేశారు. స్టెల్లరేటర్ మళ్లీ లేచి కూర్చోవడానికి కంప్యూటర్లు రావలసి వచ్చింది. ఏ తీగచుట్టను ఎంత వంకర చేయాలో చేత్తో లెక్క వేయలేం. జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్‌లోని వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో అలాంటి వంకర చుట్టలు 50 ఉన్నాయి. ఫొటో చూస్తే ఎవరో కోపంతో నలిపి పారేసినట్టుంటాయి. కానీ ప్రతి వంకరా లెక్క ప్రకారమే. 2015లో మొదలై, 2023లో ఎనిమిది నిమిషాల పాటు ఆగకుండా ప్లాస్మాను నిలిపింది. ప్లాస్మాలో పెద్ద ప్రవాహం లేదు కాబట్టి కూలిపోయే భయం తక్కువ. చేయడమే నరకం.

ఇంకో దారిలో గారె లేదు, అయస్కాంతం కూడా లేదు. ఆవగింజంత ఇంధనపు గోళాన్ని అన్ని వైపుల నుంచీ లేజర్లతో ఒక్కసారిగా నొక్కేస్తారు. అది చెదిరిపోయే లోపే మండిపోవాలి. కాలిఫోర్నియాలోని జాతీయ దహన కేంద్రంలో 192 లేజర్ కిరణాలున్నాయి. 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పంపితే 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది. పంపిన దానికంటే ఎక్కువ రావడం ప్రయోగశాలలో అదే మొదటిసారి. ఆ ఇంధనపు గోళం పైచిప్ప దేనితో చేశారో తెలుసా? ప్రయోగశాలలో పెంచిన వజ్రంతో! సూరత్‌లో వాయువు నుంచి వజ్రాలు పెంచుతున్నారని మీలో కొందరికి ఇంట్లోనే తెలుసు. పద్ధతి అదే కుటుంబానికి చెందినది.

ఇక్కడ పెన్సిల్ తీయండి. మన ఇంటి మీటర్లో ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. అంటే ఆ రోజు వచ్చింది ఒక యూనిట్ కంటే తక్కువ. ఆ లేజర్లను వెలిగించడానికి కరెంటు లైను నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు, అంటే 83 యూనిట్లు. లేజర్ దగ్గర కొలిస్తే లాభం, ప్లగ్గు దగ్గర కొలిస్తే భారీ నష్టం. రెండూ నిజమే. ఎక్కడ కొలిచారన్నదే ప్రశ్న. పైగా కరెంటు కేంద్రం కావాలంటే అలాంటి పేలుళ్లు సెకనుకు పది దాకా జరపాలి. ఒక్కో పేలుడుకు ఒక వజ్రపు గోళం.

మిగతా దారులు త్వరగా చెబుతాం. అయస్కాంత క్షేత్రాన్ని రెట్టింపు చేస్తే, మిగతావి అలాగే ఉంచితే, అదే పరిమాణంలో పదహారు రెట్ల శక్తి రావచ్చు. కొత్తరకం అతివాహక టేపుతో 2021లో అమెరికాలో 20 టెస్లా అయస్కాంతం చేసి చూపారు. ఈటర్ కంటే చాలా చిన్న టోకమాక్ ఆశ దాని మీదే ఉంది. న్యూట్రాన్లు రాని సంలీనం కోసం హైడ్రోజన్‌ను బోరాన్‌తో కలపాలనుకునే వాళ్లూ ఉన్నారు. గోడలు పాడవవు, ట్రిటియం అక్కర్లేదు, కానీ వేడి ఇంకా ఎన్నో రెట్లు కావాలి. ద్రవలోహంతో ప్లాస్మాను నొక్కాలనుకునే వాళ్లు కెనడాలో ఉన్నారు. తీగజాలికి రుణ విద్యుత్ పీడనం పెట్టి అయాన్లను మధ్యకు లాగే చిన్న పరికరం కూడా ఉంది. గాంధీనగర్ సంస్థకే చెందిన అస్సాం కేంద్రంలో అలాంటిది పనిచేస్తోంది. అందులో సంలీనం నిజంగానే జరుగుతుంది, న్యూట్రాన్లు వస్తాయి. కాని అయాన్లలో చాలా భాగం జాలికి తగిలి వృథా అవుతాయి. అది న్యూట్రాన్ల కోసం, కరెంటు కోసం కాదు. ఈ చిన్న పరికరం మాకు బాగా నచ్చింది. సంలీనం జరపడం అంత కష్టం కాదని, పెట్టినదానికంటే ఎక్కువ రాబట్టడమే కష్టమని అది చెప్పకుండానే చెబుతుంది.

ఇప్పుడు తాతయ్య పంపిన వార్త. చల్లగానే సంలీనం జరుగుతుందన్న మాట కొత్తది కాదు. మన ఆదిత్య మొదలైన 1989లోనే, మార్చి 23న, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక గాజుపాత్రలో భారజలం పోసి, పల్లాడియం కడ్డీ పెట్టి కరెంటు పంపితే లెక్కకు మించిన వేడి వస్తోందన్నారు. ప్రపంచమంతా ఊగిపోయింది. మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పలు బృందాలు ఆ ఏడాదే ప్రయోగాలు చేసి, న్యూట్రాన్లు, ట్రిటియం కనిపించాయని నివేదించాయి. కానీ ఎక్కువ ప్రయోగశాలల్లో అది మళ్లీ జరగలేదు. పైగా ఒక పెద్ద చిక్కుంది. చెప్పినంత వేడి నిజంగా డ్యుటీరియం సంలీనం వల్లే వచ్చి ఉంటే, దానితోపాటు వచ్చే న్యూట్రాన్లు ఆ గదిలో ఉన్నవాళ్లను బతకనిచ్చేవి కావు. వాళ్లు నిక్షేపంగా ఉన్నారు. నెమ్మదిగా చాలామంది ఆ దారి వదిలేశారు. కొందరు వదలలేదు. వాళ్లను వెక్కిరించడం మాకు ఇష్టం లేదు. స్టెల్లరేటర్‌ను కూడా ఒకప్పుడు పక్కన పెట్టేశారు కదా. కాని వదలకపోవడం వేరు, రుజువు కావడం వేరు.

అందుకని ఆ అబ్బాయికి అవునూ చెప్పలేదు, కాదూ చెప్పలేదు. వార్త ప్రింటు తీసుకురమ్మని, మూడు విషయాలు దానిలో ఉన్నాయేమో ఎర్ర పెన్నుతో గీత గీయమన్నాం. లోపలికి వెళ్లింది ఎక్కడ కొలిచారు? బయటికి వచ్చింది ఎంతసేపు కొలిచారు? మాస్కోకు వెళ్లిన బ్రిటిష్ వాళ్లలాగా, తమ పరికరాలతో వచ్చి కొలిచిన బయటివాళ్లు ఎవరు?

మర్నాడు ఆ కాగితం తెచ్చాడు. ఒక్క చోట ఎర్రగీత ఉంది. మిగతా రెంటి పక్కన మార్జిన్‌లో ప్రశ్నార్థకాలు పెట్టాడు. "తాతయ్యకు ఫోన్ చేసి, ఆ యంత్రం ప్లగ్గు దగ్గర మీటరు పెట్టారో లేదో కనుక్కోమన్నాను మేడమ్," అన్నాడు. "మరి తాతయ్య ఏమన్నారు?" అని అడిగాం. "ముందు సెలవుల్లో రా, ఇద్దరం కలిసి వెళ్లి అడుగుదాం అన్నారు."